పువ్వు పచ్చ

పాత గ్రంథాలయం మేడ మీద, చిరిగిన కాగితాలు అతికే గది; మధ్యాహ్నం మూడు దాటింది. ఊళ్లో అందరూ జిగురమ్మ అని పిలిచే ఆవిడ, గడ్డి మాస్టారని పేరుపడ్డ పెద్దాయన ఇవాళ వస్తాడేమోనని పొద్దుటి నుంచీ భయపడుతూనే ఉంది. ఆయన రానే వచ్చాడు.

“బీరువా తాళంచెవి కింద ఆఫీసులో ఉండిపోయింది మాస్టారూ.”

“మరి నీ మెళ్లో వేలాడుతున్నదేమిటమ్మా?”

“ఇదా? ఇది... ఇది వేరే బీరువాది.”

“పంతొమ్మిదేళ్లుగా ఆ తాళంతోనే ఆ బీరువా తీస్తున్నావు. నాకు కళ్లు మందగించిన మాట నిజమే కానీ మరీ అంత కాదు.”

“రేపు కొండ కింద పెట్టే బోర్డు మీద ఆ పువ్వు బొమ్మ చూస్తారుగా. మనిషెత్తు చేసి వేశారట. మళ్లీ ఇవాళ ఆ పాత కాగితం ఎందుకు? అంతా దుమ్ము. మీకు దుమ్ము పడదు.”

“బోర్డు మీద ఉన్నది ఫొటో. నాకు అసలుది కావాలి. ఒక్కసారి చూసి వెళ్లిపోతా. రేపు కొండ కింద అంతమంది ముందు నిలబడి చదవాలి కదా, ధైర్యం కోసం.”

“ధైర్యం దేనికి మాస్టారూ? నాలుగు మాటలు. ‘ఈ కొండ మీద ఒకప్పుడు ఈ అడవిపువ్వు పూసేది, ఇప్పుడు లేదు.’ అంతేగా?”

“అంతే అయితే నీ దగ్గరికి ఎందుకొస్తాను?”

“అంతే కాదా?”

“ఒక పేజీ రాశాను. మా ఆవిడకి కూడా చూపించలేదు. ఇదుగో, నువ్వు చదువు.”

“నేనా? నేనెందుకు?”

“ఆ పువ్వుని నాకు మొదట చూపించింది నువ్వే కాబట్టి. కూర్చో. పైకే చదువు. రేపు నా గొంతు ఎక్కడ ఆగుతుందో ఇవాళే తెలుస్తుంది.”

“‘పెద్దలకీ పిల్లలకీ నమస్కారం. ఈ బోర్డు మీద ఉన్న పసుపు పువ్వుని నేను పంతొమ్మిదేళ్లు వెతికాను. దొరకలేదు. ఇక దొరకదు. ఎందుకంటే...’ మాస్టారూ, ఇదేమిటి?”

“చదువు.”

“‘ఎందుకంటే దాన్ని ఈ కొండ మీద లేకుండా చేసినవాణ్ణి నేనే. నా పెళ్లైన ఏడాది...’ నేను చదవను.”

“చదవమ్మా.”

“‘నా పెళ్లైన ఏడాది, కొత్త పెళ్లాన్ని మెప్పిద్దామని ఈ కొండెక్కి, ఒక గుబురు పసుపు పువ్వుల్ని వేళ్లతో సహా పీక్కొచ్చాను. పెరట్లో... పెరట్లో నాటాను. వారం తిరక్కుండా ఎండిపోయాయి. అవే చివరివని నాకప్పుడు తెలీదు. తెలియకపోవడం తప్పు కాదంటారు. పాఠాలు చెప్పేవాడికి అదీ తప్పే. క్షమించమని అడుగుదామంటే ఆ పువ్వు లేదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను.’”

“‘పెరట్లో’ దగ్గర ఆగావు చూడు. నాకూ అక్కడే ఆగుతుంది.”

“ఇది చదవకండి మాస్టారూ.”

“ఏం? బాగా రాయలేదా?”

“బాగా రాశారు. చదవకండి. అవి ఈ పువ్వులేనని ఏమిటి గ్యారంటీ? పసుపు పువ్వులు లోకంలో బోలెడు.”

“నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. అసలు ఆ గుబురు సంగతే నేను మర్చిపోయాను. పంతొమ్మిదేళ్ల కిందట మీ ప్రదర్శనలో, గాజు కింద ఈ బొమ్మ చూశాక గుర్తొచ్చింది. ఆ పసుపు! ఇదే, ఆ రోజు నేను పీకింది ఇదే అనుకున్నాను. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో చేత్తో వేసిన రంగు, నిన్ననే వేసినట్టు...”

“నిన్ననే వేసినట్టు అనకండి.”

“అంటే ఏం? మిగతా బొమ్మల్లో రంగులు వెలిసిపోయాయి, దీంట్లో మాత్రం పసుపు కళ్లు చెదిరేట్టు ఉంది. బడిపిల్లల్ని తీసుకొచ్చి మరీ చూపించేవాణ్ణి, ‘చూడండర్రా, ఆ కాలంవాళ్ల పనితనం’ అని.”

“అయ్యో.”

“ఏమిటి అయ్యో?”

“ఏం లేదు. అమ్మగారేమంటారు? ఆ రోజు మీరు తెచ్చిన పువ్వులు ఏ రంగంటారు?”

“ఆవిడకేం గుర్తుంటుంది? ‘పసుపో, తెలుపో, ఎవరికి తెలుసు, కడిగిన పెరడంతా మట్టి చేశారు, నాకదొక్కటే గుర్తు’ అంటుంది.”

“చూశారా! తెలుపేమో.”

“పసుపని నాకు తెలుసు కదమ్మా. కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.”

“కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ పువ్వా, ఈ బొమ్మా మాస్టారూ?”

“ఇదేం ప్రశ్న?”

“ఊరికే అడిగాను.”

“నువ్వు ఇవాళ ఒక రకంగా ఉన్నావు. కూర్చుంటావు, లేస్తావు. ఆ జిగురు గిన్నెని నేను వచ్చాక నాలుగుసార్లు కలిపావు. బల్ల మీద అతికేదేమీ లేదు.”

“గడ్డ కడుతుందని.”

“గడ్డ కట్టనీ. బీరువా తీయి.”

“రేపటి కార్యక్రమం ఒక వారం వాయిదా వేయించకూడదా?”

“దేనికి?”

“వాన పడేట్టుంది.”

“బయట ఎండ పేలిపోతోంది.”

“రేపు పడొచ్చు.”

“అమ్మా, నేను నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను. హోంవర్కు చేయనివాడు ఎలా నీళ్లు నములుతాడో నాకు తెలుసు. ఏమైంది? బొమ్మ పోయిందా?”

“పోలేదు.”

“చిరిగిందా?”

“లేదు.”

“ఎలకలు?”

“నా బీరువాలో ఎలకలా!”

“మరైతే తీయడానికేం?”

“తీస్తాను. కానీ చూసి నన్నేమీ అడక్కండి.”

“సరే, అడగను. తీయి.”

“ఇదుగో. ముప్ఫై ఒకటో నంబరు. అంచులు పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టకండి.”

“నాకు చెప్తున్నావా? అబ్బ! చూడమ్మా ఇటు. ఈ గీతలు వెంట్రుక మందం లేవు. రాగిరేకు మీద సూదితో గీసి, సిరా పూసి, అచ్చొత్తి, ఆ తర్వాత ఒక్కో కాగితానికీ విడిగా చేత్తో రంగు. ఆడపిల్లలు బల్లల ముందు వరసగా కూర్చుని వేసేవాళ్లన్నావు కదూ?”

“అవును. ఒకళ్లు ఆకులు, ఒకళ్లు పువ్వులు. ఎదురుగా ఒక నమూనా కాగితం పెట్టుకుని.”

“ఈ పువ్వు వేసిన పిల్ల ఎవరో గానీ, ఆ చేతికి దణ్ణం పెట్టాలి. ఆకులు వేసిన చెయ్యి కాదిది. ఆకుల రంగు పల్చగా, ఏదో తొందరలో పూసినట్టుంది. పువ్వు మాత్రం నిండుగా, ధీమాగా...”

“ధీమా కాదు, భయం.”

“ఏమిటీ?”

“భయంతో వేసింది. చెయ్యి వణికి మీద రెండోసారి పూసింది, అందుకే అంత నిండుగా ఉంది.”

“నీకెలా తెలుసు?”

“అడగనన్నారు.”

“నీకెలా తెలుసమ్మా?”

“ఆ పిల్లని నేనే మాస్టారూ.”

“ఏ పిల్లవి?”

“ఆ పువ్వుకి రంగు వేసిన పిల్లని. అది రెండు వందల ఏళ్ల పసుపు కాదు, ఇరవై రెండేళ్లది. బడిపిల్లల రంగుల పెట్టెలోది.”

“వేళాకోళం ఆడకు.”

“ఎదురుగా పుస్తకాల షాపులో కొన్నాను. పన్నెండు రంగుల పెట్టె, మూత మీద చిలక బొమ్మ. వేశాక కొత్తగా కొట్టొచ్చినట్టు ఉందని పల్చటి టీ నీళ్లు అద్దాను. మీరు పిల్లలకి చూపించిన పనితనం అదీ.”

“ఎందుకు వేశావు? ఉన్న రంగు ఏమైంది?”

“కడిగేశాను.”

“కడిగేశావా!”

“కావాలని కాదు. ఉద్యోగంలో చేరి నాలుగో నెల. ఈ బొమ్మలన్నింటి మీదా గోధుమ మచ్చలు. ట్రేలో మంచినీళ్లు పోసి కాసేపు ఉంచితే మచ్చ వదులుతుంది. కానీ ముందు ప్రతి రంగుకీ తడి దూది ఆనించి చూడాలి, రంగు దిగుతుందో లేదో. ముప్ఫై బొమ్మలకి చూశాను. ఒక్కటీ దిగలేదు. ముప్ఫై ఒకటో దానికి, ఏముందిలే అనుకున్నాను.”

“చూడలేదు.”

“చూడకుండానే ట్రేలో వేశాను. ఇంతలో కింద నాకు ఫోనొచ్చిందన్నారు. మా చెల్లెలు. రెండు నిమిషాలని వెళ్లి ముప్పావుగంట మాట్లాడాను. ఏం మాట్లాడానో అడగండి.”

“ఏం మాట్లాడావు?”

“వాళ్ల పక్కింటావిడ గురించి. తిరిగొచ్చి చూస్తే పువ్వు లేదు. గీతలున్నాయి, రంగు లేదు. తెల్ల కాగితం.”

“నీళ్లలో చూడాల్సింది, ఏ రంగు దిగిందో.”

“చూశాను. ఆకుల రంగు కూడా కాస్త దిగినట్టుంది. అంతకంటే ఏమీ పోల్చుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే, గాభరాలో ఆ నీళ్లు వెంటనే పారబోశాను.”

“ఎవరికీ చెప్పలేదా?”

“నాకు ముందు ఇక్కడ పనిచేసిన పెద్దాయన రెండు వీధుల అవతలే ఉండేవాడు. ఈ బొమ్మలు ఆయనకి కంఠతా వచ్చు. వెళ్లి, ‘ముప్ఫై ఒకటో పువ్వు ఏ రంగండీ’ అని అడిగితే చాలు. వెళ్లాను కూడా.”

“మరి?”

“ఆయన తలుపు తీసి, ‘ఏమ్మా, పని అలవాటైందా’ అన్నాడు. ‘అయిందండీ’ అన్నాను. మంచినీళ్లు తాగి వచ్చేశాను. అడిగితే పాడుచేశానని తెలిసిపోతుందిగా. ఆ పై నెలలోనే ఆయన పోయాడు.”

“సరేలే. అప్పటికి చిన్నదానివి, భయపడ్డావు. ఏదైతేనేం, మళ్లీ అదే రంగు వేశావుగా.”

“అదే రంగని ఎవరన్నారు?”

“తెలీకుండా ఎలా వేశావు మరి?”

“కాగితం వెనక్కి తిప్పండి. కింద మూల దగ్గర. పెన్సిల్‌తో ఉంటుంది.”

“చీమ తలకాయంత అక్షరాలు. ఆ భూతద్దం ఇలా ఇవ్వు. ‘ఆకు పచ్చ. పువ్వు పచ్చ.’ ఎవరు రాశారు?”

“ఆ పెద్దాయనే. ఎప్పటికైనా రంగులు వెలిసిపోతే తర్వాతవాళ్లకి తెలియాలని ప్రతి బొమ్మ వెనకా రాసిపెట్టాడు.”

“సరిపోయింది కదా! పువ్వు పచ్చ అన్నాడు, పసుపు వేశావు. ఇంకెందుకు ఏడుపు?”

“మీరూ అలాగే చదివారు.”

“ఇంకెలా చదువుతారు? గుడ్డులో పచ్చసొన అంటాం, అదేమైనా ఆకురంగులో ఉంటుందా? కామెర్లొస్తే కళ్లు పచ్చబడ్డాయంటాం. మా నాయనమ్మ నోట పసుపు రంగనే మాటే వచ్చేది కాదు, అన్నీ పచ్చే.”

“మా అమ్మమ్మా అంతే. అందుకే నాకు అనుమానం కూడా రాలేదు. ఆకు ఎలాగూ పచ్చ. పువ్వు కూడా పచ్చ అంటే అది ఈ పచ్చ కాదు, ఆ పచ్చ అనుకున్నాను.”

“ఆగు. ఆయన మిగతా బొమ్మల వెనక ఏం రాశాడు? పసుపు పువ్వుల బొమ్మలు ఇంకా ఉన్నాయిగా?”

“ఉన్నాయి. ఏడు.”

“వాటి వెనక పచ్చ అని రాశాడా, పసుపు అని రాశాడా?”

“అంటే... అది...”

“నీళ్లు నమలకు.”

“పసుపు అనే రాశాడు. ఏడింటికీ.”

“అది ఆ రోజు చూసుకోలేదా?”

“పక్కనే ఉన్నాయి మాస్టారూ. ఒక్క కాగితం తిప్పితే చాలు. తిప్పలేదు. ఎవరైనా వచ్చేలోపు రంగు వేసెయ్యాలి, పెట్టెలో పెట్టెయ్యాలి, అదొక్కటే తొందర.”

“ఉండు, ఉండు. అయితే ఇది అసలు పసుపు పువ్వే కాదు.”

“కాదు.”

“ఎప్పుడూ కాదు.”

“ఎప్పుడూ కాదు.”

“మరి నేను పెళ్లైన ఏడాది పీకింది...”

“అదేదో వేరే మొక్క. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అందుకే చదవొద్దంటున్నాను. చేయని తప్పుకి రేపు మీరు అంతమంది ముందు తలదించుకుని నిలబడితే, అది వింటూ నేను ముందు వరసలో కూర్చోవాలా? నాకూ ఒక కుర్చీ వేశారు తెలుసా, పువ్వు బొమ్మని కాపాడిన మనిషినని!”

“నేను పీకలేదు!”

“మీరు పీకలేదు.”

“అబ్బబ్బ. మంచినీళ్లుంటే ఇవ్వు. నీకు తెలీదమ్మా. పంతొమ్మిదేళ్లుగా మా ఆవిడ పెరటి తలుపు తీస్తే చాలు, నేను మొహం అటు తిప్పుకుంటాను. ఎందుకో ఆవిడకి చెప్పలేను. ఇవాళ వెళ్లి చెప్తా, ‘నీ పెరడు మట్టి చేశాను, అంతే, ఇంకే పాపమూ చేయలేదు’ అని. నవ్వవేం? నువ్వూ నవ్వు!”

“నాకు నవ్వు రావట్లేదు.”

“ఎందుకు? నిన్నేమీ అనడం లేదుగా? ఎప్పుడో తెలిసీ తెలియక చేసిన పొరపాటు...”

“పొరపాటే అయితే ఇంత కుమిలిపోను. ఇంకో మాట ఉంది. ఆ మాట వల్లే మీ ఎదురుగా నిలబడ్డానికి మొహం చెల్లట్లేదు.”

“చెప్పు.”

“ఇది పసుపు కాదని నాకు తెలిసింది ఇవాళ కాదు.”

“మరి?”

“ఇంకో ఊరి గ్రంథాలయంవాళ్లు, వాళ్ల దగ్గరున్న ఈ బొమ్మల పుస్తకం ఇంకో ప్రతిని బాగుచేయమని నాకు పంపారు. అందులోనూ ముప్ఫై ఒకటో బొమ్మ ఉంది. రంగు చెక్కుచెదరలేదు. అప్పుడే ఇక్కడి కాగితాలన్నీ వెనక్కి తిప్పి చూశాను.”

“ఎప్పుడు?”

“పుస్తకం కుట్టు ఊడిపోయి వచ్చింది, రెండు నెలలు నా దగ్గరే ఉంది...”

“ఎప్పుడని అడుగుతున్నాను.”

“ఆరేళ్లయింది.”

“ఆరేళ్లు.”

“ఆరేళ్లు మాస్టారూ.”

“ఆరేళ్ల కిందట నా మోకాలికి ఆపరేషన్ అయింది.”

“తెలుసు. పళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చాను.”

“వచ్చి, ‘మళ్లీ కొండెక్కుతారా మాస్టారూ’ అని అడిగావు.”

“ఎక్కనంటారేమోనని ఆశ. ఎక్కనంటే ఇక చెప్పాల్సిన పని ఉండదు కదా అని.”

“ఎక్కుతానన్నాను.”

“‘ఆ పసుపు కళ్లారా చూడకుండా పోను’ అన్నారు. మీ మంచం పక్కన కూర్చుని ఆ పళ్లన్నీ తొక్క తీసి పెట్టి వచ్చేశాను.”

“ఆ తర్వాత కర్ర పుచ్చుకుని ఎక్కాను. ఏటా. దిగి తిన్నగా నీ దగ్గరికే వచ్చేవాణ్ణి, ‘ఈసారీ లేదమ్మా’ అని చెప్పడానికి. నువ్వు టీ ఇచ్చేదానివి.”

“ఇచ్చేదాన్ని. మీరు వస్తారనగా ముందు రోజు అద్దం ముందు నిలబడి, చెప్పాల్సింది వల్లె వేసుకునేదాన్ని. మీరు వచ్చి కర్ర గోడకి ఆనిస్తుంటే అన్నీ మర్చిపోయేదాన్ని. ‘వచ్చే ఏడు దొరుకుతుందిలెండి’ అనేదాన్ని. ఆ మాట కూడా నేనే అన్నాను.”

“అన్నావు. ఒకసారి కాదు.”

“ఆరుసార్లు.”

“ఉద్యోగం పోతుందని భయమా?”

“అదే అయితే ఎప్పుడో చెప్పేసేదాన్ని. ఊరంతా నా గురించి మీరేమని చెప్పుకొచ్చారు? ‘ఆవిడ చేతిలో పడితే చచ్చిన కాగితం లేచి కూర్చుంటుంది’ అని. ఆ మాట మా అత్తగారి చెవిన కూడా పడింది. ఆ ఇంట్లో నాకు ఇంత మర్యాద ఉందంటే మీ మాట వల్లే. మీ ఒక్కరి ముందైనా తలెత్తుకుని నిలబడాలని ఉండేది. చెప్తే అది పోతుంది.”

“దానికోసం నా మోకాళ్లు అరగనిచ్చావు.”

“అవును.”

“నాకు కోపం వస్తోంది.”

“రానివ్వండి. తిట్టండి.”

“తిట్టడం చేతనైతే ఇలా ఎందుకుంటాను? బళ్లో కూడా నా క్లాసంటే పిల్లలకి పండగ. తిట్టలేను. లేచి వెళ్లిపోదామంటే ఈ కాలు ఒకటి.”

“కూర్చోండి. రేపు మీరేమీ చదవొద్దు. నేను మాట్లాడతాను. బోర్డు మీద గుడ్డ తీయకముందే లేచి, ‘ఈ పసుపు నాది, ఈ అబద్ధం నాది, మాస్టారికి ఏ పాపమూ తెలీదు’ అని చెప్పేస్తాను. ఇవాళ మీకు చెప్పాను కాబట్టి రేపు ఎవరికైనా చెప్పగలను.”

“చెప్తావా?”

“చెప్తాను. ఒట్టు.”

“సరే. కోపం ఎలాగూ రేపటికి తగ్గిపోతుంది నాకు. ఇంతకీ, ఆ రెండో పుస్తకంలో పువ్వు ఏ రంగన్నావు?”

“అదే, పచ్చ.”

“ఏ పచ్చ?”

“ఆకుపచ్చ. అచ్చం ఆకు రంగే. దగ్గర పెట్టుకుని చూస్తే తప్ప అక్కడ పువ్వుందనే తెలీదు. నేనే రెండుసార్లు పేజీ తిప్పేసి మళ్లీ వెనక్కి వచ్చాను.”

“ఆకుపచ్చ పువ్వా?”

“అవును. ఏం మాస్టారూ?”

“ఏం లేదు. రేకులు ఎన్ని?”

“ఈ బొమ్మలో ఉన్నన్నే. ఐదు. రాగిరేకు ఒకటే, గీతలు ఒకటే. రంగొక్కటే తేడా.”

“కాడ మీద నూగు?”

“ఉంది. మీ చేతిలోనే ఉంది కదా, చూడండి.”

“ఉంది. అవును, ఉంది. ఆ రెండో దాంట్లో రేకు మొదట్లో ఏమైనా చుక్క ఉందా? ఎర్రటిది? సూదిమొనంత?”

“ఉంది! ప్రతి రేకుకీ ఉంది! ఇందులో అది కూడా నీళ్లలో కొట్టుకుపోయింది, నేను వేయలేదు. మీకెలా తెలుసు?”

“ఆ కిటికీ కొంచెం తీయమ్మా.”

“తీసే ఉంది. మీకెలా తెలుసు మాస్టారూ? అంటే మీరు చూశారా ఈ పువ్వుని?”

“చూశాను.”

“కొండ మీదా?”

“కొండ మీదే.”

“అయ్యో, అయితే ఉందన్నమాట! ఇంతకాలం మీ కాళ్ల దగ్గరే ఉందన్నమాట! నేను అనవసరంగా ఇన్నాళ్లు... మాస్టారూ, ఇక రేపు ఏడుపులు దేనికి? బోర్డు మీద ‘ఒకప్పుడు’ అనే మాట కొట్టేయించి, రంగు మార్పించి...”

“కొట్టేయించకు.”

“ఎందుకు? చూశానంటున్నారుగా?”

“చూశాను. మొదట్లో పడమటి వాలంతా అదే. అడుగు పెట్టడానికి చోటుండేది కాదు.”

“మొదట్లో ఏమిటి? ఇప్పుడు?”

“ఆకు చూస్తే అదే ఆకు. కాడ చూస్తే అదే కాడ. నూగు కూడా అదే. పువ్వు మాత్రం పసుపు కాదు. కొండెక్కినప్పుడల్లా నీ బొమ్మ ఫొటో పక్కన పెట్టి పోల్చుకునేవాణ్ణి. ఇది అసలుది కాదు, అసలుదాని వేషం వేసుకున్నది, దాన్ని బతకనివ్వకుండా నొక్కేస్తున్నది ఇదే అని నాకు గట్టిగా అనిపించింది.”

“అనిపించి?”

“దొంగమొక్క అని పేరు పెట్టాను. పిల్లలకి ఆ పేరు తెగ నచ్చింది.”

“పేరు సరే మాస్టారూ. ఏం చేశారు?”

“అసలు పువ్వుకి కాస్త చోటు చేద్దామని, ఏటా బడిపిల్లల్ని వెంటేసుకెళ్లి వేళ్లతో సహా పీకించానమ్మా, పోయినేడు కొండంతా వెతికినా ఒక్కటి కూడా దొరకలేదని పిల్లలందరికీ చాక్లెట్లు పంచాను.”